సంగీత నాటకంలో చేరితే పిల్లలకు నిజంగా ఏం వస్తుంది? కోరస్‌లో తీసుకున్న తొమ్మిదేళ్ల పాప గురించి అడిగినవారికి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పాపకు 9 ఏళ్లు, బిడియం ఎక్కువ. స్కూల్లో వేస్తున్న సంగీత నాటకానికి తనే పేరు ఇచ్చింది. ముఖ్య పాత్ర రాలేదు, కోరస్‌లో, అంటే గుంపుగా పాడి ఆడే బృందంలో తీసుకున్నారు. వారానికి రెండు రిహార్సల్స్, మొత్తం మూడు నెలలు. "పాటా డాన్సూ తప్ప రేపు బతుకులో పనికొచ్చేది ఏమైనా వస్తుందా? గుంపులో నిలబడటానికి ఇంత సమయం పెట్టాలా?" అని మీవారి సందేహం. మీకూ అది కొంత ఉన్నట్టే రాశారు.

పంపండి. కోరస్ అయినా సరే పంపండి. పనికొచ్చేవి కచ్చితంగా వస్తాయి, కాకపోతే మనం వెతికే చోట రావు. స్టేజ్ మీద వెలుగులో నిలబడే ఆ గంటలో పిల్లలు కొత్తగా నేర్చుకునేది చాలా తక్కువ. అంతకుముందు గడిచే నలభై యాభై గంటల రిహార్సల్‌లోనే ఉంది అసలు సరుకంతా. అందుకే "ఏ పాత్ర ఇచ్చారు" అని కాకుండా "రిహార్సల్ ఎలా నడుపుతున్నారు" అని అడగాలి. సరిగ్గా నడిపితే వచ్చేవి ఇవి: ఎదుటివాళ్లను విని సమయానికి అందుకోవడం, తప్పు జరిగినా ఆగిపోకుండా సర్దుకోవడం, ఎవరైనా దిద్దితే ముఖం మాడ్చుకోకుండా తీసుకోవడం, తన పని ఎవరూ గుర్తుచేయకుండా చేసుకోవడం, నచ్చనివాళ్లతో కూడా కలిసి పని ముగించడం. ఆత్మవిశ్వాసం అనే మాట ఈ వరుసలో కావాలనే పెట్టలేదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు వినడం, తర్వాతే మాట్లాడటం

కొత్త పిల్లలు స్క్రిప్ట్ చేతికి రాగానే తమ డైలాగులకు రంగు పెన్సిల్ పూసి వాటినే కంఠతా పట్టేస్తారు. ఇంట్లో అప్పజెప్పమంటే గడగడా చెప్పేస్తారు. రిహార్సల్‌కి వచ్చాక నోరు పెగలదు. డైలాగ్ వచ్చు కానీ దాన్ని ఎప్పుడు అందుకోవాలో రాదు. అందరూ తనవైపు చూసేదాకా నిలబడి, అప్పుడు ఉలిక్కిపడి చెబుతారు. ఇది జ్ఞాపకశక్తి లోపం కాదు, నేర్చుకున్న పద్ధతిలో లోపం.

సరైన పద్ధతి ఇలా ఉంటుంది. తన డైలాగుకు ముందు ఎదుటివాళ్లు చెప్పే మాటల్లో చివరి మూడు మాటల కింద గీత గీయాలి. ఇంట్లో పెద్దవాళ్లు ఆ మూడు మాటలే చదవాలి, పాప తన మాట అందుకోవాలి. అది కుదిరాక వరుస మార్చి, సీన్ మధ్యలోంచి ఎక్కడపడితే అక్కడ అందించాలి. వరుసలో మాత్రమే వచ్చిన డైలాగ్ స్టేజ్ మీద ఒక్క మాట తప్పితే మొత్తం కుప్పకూలుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు కేసు కూడా ఉంది. కొందరు పిల్లలకు అందరి డైలాగులూ వచ్చేస్తాయి. పక్కవాళ్లు మాట్లాడుతుంటే వీళ్ల పెదాలు కదులుతుంటాయి. తల్లిదండ్రులకు అది ముచ్చటగా ఉంటుంది. నిజానికి ఆ పిల్లలు వినడం మానేశారు, లోపల స్క్రిప్ట్ చదువుకుంటున్నారు. "అవతలివాళ్లు చెబుతున్న దాంట్లో నీకు కొత్తగా అనిపించిన మాట ఒకటి పట్టుకుని నాకు చెప్పు" అని పని అప్పగిస్తే రెండు మూడు రిహార్సల్స్‌లో పెదాలు ఆగుతాయి.

పాటలో ఈ వినికిడి ఇంకా గట్టిగా పరీక్షకు నిలుస్తుంది. బృందంగా పాడేటప్పుడు మేం పెట్టే కొలత ఒకటే: పక్కనున్న ఇద్దరి గొంతులూ నీకు వినిపించాలి, వినిపించకపోతే నువ్వు మరీ గట్టిగా పాడుతున్నట్టు. పాదం చివర దీర్ఘం తీసి ఆపేటప్పుడు ఇరవై మందీ ఒకే కౌంట్‌కి ఆపాలి. ఒక్కరు అర క్షణం ఎక్కువ లాగినా హాల్లో చివరి వరుసకు కూడా తెలిసిపోతుంది. డాన్స్ కూడా ఎనిమిది కౌంట్ల లెక్కలోనే నడుస్తుంది. ఐదో కౌంట్‌కి కదలాల్సినవాళ్లు నాలుగింటి వరకు కదలకుండా ఉండటమే అన్నిటికన్నా కష్టం. తొమ్మిదేళ్ల పిల్లలకు ఆ ఆపుకోవడం అలవాటు చేయడానికి ఇంతకన్నా సరదా మార్గం నాకు తెలియదు.

తప్పు జరిగిన తర్వాతి మూడు సెకన్లు

స్కూల్లో తప్పంటే ఎర్ర సిరా. ఆటలో తప్పంటే పాయింట్ పోవడం. నాటకంలో తప్పు జరిగినా కథ నడుస్తూనే ఉంటుంది. చేతిలో ఉండాల్సిన లాంతరు లేదు, టోపీ ఊడిపోయింది, స్నేహితురాలు రెండు డైలాగులు దాటేసింది. ఇప్పుడేం చేయాలి?

దీన్ని విడిగా నేర్పాలి, దానంతటదే రాదు. నాటకం సగం పైన కుదిరాక, అంటే చివరి మూడు వారాల్లో, ఒకటి రెండు రిహార్సల్స్‌ని పొరపాట్ల కోసమే కేటాయిస్తే చాలు. ఒక వస్తువు ముందే దాచేయడం, ఒక ఎంట్రీని కావాలని ఆలస్యం చేయడం, పాట మధ్యలో వాద్యాల ట్రాక్, అంటే వెనక మోగే రికార్డు, ఆపేయడం. పిల్లలకు చెప్పే నియమాలు మూడు. ముఖం చిట్లించకూడదు, నాలుక బయటపెట్టకూడదు, ఎందుకంటే ప్రేక్షకులకు స్క్రిప్ట్ తెలియదు, నీ ముఖమే తప్పును చాటుతుంది. మాట మరిచిపోతే దాని అర్థం సొంత మాటల్లో చెప్పు. అదీ రాకపోతే ఎదురుగా ఉన్నవాళ్లు పాత్రలో ఉంటూనే ఒక ప్రశ్న అడిగి దారి చూపాలి: "నిన్న నువ్వు వాగు దగ్గర ఏదో చూశానన్నావు, ఏమిటది?"

ఆ మూడోది చాలా విలువైనది. పక్కవాడు తడబడితే నవ్వడం పిల్లలకు సహజంగా వస్తుంది. తడబడిన క్షణంలో చెయ్యి అందించడం సాధన చేస్తేనే వస్తుంది. ట్రాక్ ఆగిపోయినా పాడుతూనే ఉన్న కోరస్‌ని చూస్తే, వాళ్లకు ఏం వచ్చిందో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

దిద్దుబాటును తీసుకోవడం

నాటకం మొదటి నుంచి చివరిదాకా ఒకసారి ఆపకుండా నడిపాక డైరెక్టర్ అందరినీ కూర్చోబెట్టి నోట్స్ చెబుతారు. అంటే ఎక్కడ ఏం మార్చాలో ఒక్కొక్కరి పేరుతో చెప్పడం. పిల్లలు పెన్సిల్‌తో రాసుకోవాలి. పెన్‌తో కాదు, ఎందుకంటే రేపు అది మళ్లీ మారొచ్చు. జవాబు "సరే, థాంక్యూ" అంతే. "అది నా తప్పు కాదు, వాడు అడ్డొచ్చాడు" అన్న వివరణకు ఆ సమయంలో చోటు లేదు. నిజంగా అడ్డొచ్చి ఉంటే తర్వాత వచ్చి చెప్పుకోవచ్చు.

ఇది పనిచేయాలంటే చెప్పేవాళ్లకూ క్రమశిక్షణ ఉండాలి. ఒక్కో పిల్లకు ఒక రోజులో మూడు నోట్స్ దాటితే ఏదీ బుర్రకెక్కదు. "బాగా చెయ్యి", "ఎనర్జీ కావాలి" లాంటివి నోట్స్ కావు, వాటితో పిల్లలు చేయగలిగింది ఏమీ లేదు. "రెండో పాటలో వెనక్కి తిరిగేటప్పుడు ఎడమ కాలు ముందు పడుతోంది, కుడి కాలు పడాలి" అన్నది నోట్. ఇలాంటివి మూడు నెలల్లో యాభై అరవై విని, రాసుకుని, మరుసటిసారి సరిచేసుకున్న పిల్లకు, టీచర్ నోటుపుస్తకంలో పెట్టిన ఎర్ర గీత అవమానంగా కాక చేయాల్సిన పనిగా కనిపించడం మొదలవుతుంది. ఈ ఒక్కదాని కోసమైనా నేను సంగీత నాటకానికి ఓటు వేస్తాను.

ఇంట్లో మీరు చేయకూడని పని ఒకటి ఇక్కడే చెప్పాలి. డైలాగ్ ఎలా పలకాలో మీరు పలికి చూపించకండి. పిల్లలు మీ గొంతులోని ఎగుడుదిగుళ్లతో సహా దాన్ని అచ్చుగుద్దినట్టు పట్టేస్తారు. రిహార్సల్‌లో డైరెక్టర్ వేరేలా అడిగితే మార్చలేరు, నోట్ తీసుకునే దారే మూసుకుపోతుంది. మీరు ముందు మాట అందించండి, పదం తప్పితే చెప్పండి. భావం జోలికి వెళ్లకండి.

కోరస్‌లో ఏముంది అంటారా

ముఖ్య పాత్ర వేసే పిల్లకు డైలాగులు ఎక్కువ, చప్పట్లు ఎక్కువ. కానీ అందరూ ఆమె చుట్టూ సర్దుకుంటారు. కోరస్‌లో ఉన్న పిల్ల మిగతావాళ్లకు తగ్గట్టు సర్దుకోవాలి. స్టేజ్ అంచున నేల మీద అంకెలు అతికిస్తారు. నడిమధ్యన సున్నా, రెండువైపులా 2, 4, 6 అలా. ప్రతి పాటలో తను ఏ అంకె దగ్గర, ఎన్నో వరుసలో ఉండాలో, అక్కడినుంచి ఏ దారిన ఎక్కడికి మారాలో కోరస్ పిల్ల గుర్తుంచుకోవాలి. ఆరు పాటలుంటే ఇరవై ముప్పై చోట్లు అవుతాయి. పైగా స్టేజ్ మీద కుడి అంటే నటుల కుడి, చూసేవాళ్లకు ఎడమ. ఈ తికమక తీరడానికే మొదటి రెండు వారాలు పడుతుంది.

ఇంకా ఒక సంగతి. కోరస్‌కి మాటలు లేకపోయినా సీన్‌లో ఉన్నంతసేపూ పని ఉంటుంది. ముఖ్య పాత్ర ఏడుస్తుంటే వెనక నిలబడ్డ ఊరివాళ్లు ఎటు చూస్తున్నారన్న దాన్నిబట్టే ప్రేక్షకుల చూపు ఎటు పోవాలో తేలుతుంది. ఒక్క పిల్ల అమ్మానాన్నలను వెతుక్కుంటూ హాల్లోకి చూసిందా, సీన్ అయిపోయినట్టే. తన మీద వెలుగు లేనప్పుడు కూడా పని ఒదలకుండా చేయడం అంటే ఇదే.

మంచి డైరెక్టర్లు కోరస్‌లో ప్రతి పిల్లకూ ఒక పేరు, ఒక పని, ఒక అవసరం రాసుకోమంటారు: నేను నీళ్లు మోసే అమ్మాయిని, తొందరగా ఇంటికి వెళ్లాలి, కానీ ఈ గొడవ ఏమిటో తెలుసుకోవాలనుంది. మీ పాపను అడగండి: "గుంపులో నువ్వు ఎవరివి?" జవాబు ఉంటే నాటకం మంచి చేతుల్లో ఉన్నట్టు. లేకపోతే ఇద్దరూ కూర్చుని ఒకటి కల్పించుకోండి, డైరెక్టర్‌కి అభ్యంతరమేమీ ఉండదు.

కోరిన పాత్ర రాకపోవడం

బహుశా పాప ఇప్పటికే కొంత బాధపడి ఉంటుంది. ఆ బాధ కూడా ఈ చదువులో భాగమే, కాకపోతే దాన్ని సరిగ్గా దాటించాలి. ఒక రోజంతా బాధపడనివ్వండి. "వాళ్లకు నీ విలువ తెలియలేదు" అనకండి, ఆ మాటతో మూడు నెలలపాటు డైరెక్టర్ మీద అనుమానంతో రిహార్సల్‌కి వెళుతుంది. "కోరసే గొప్ప" అని కూడా అనకండి, పిల్లలకు అబద్ధం తెలిసిపోతుంది. డైరెక్టర్‌కి ఫోన్ చేసి కారణం అడగవద్దు. పాపే వెళ్లి "వచ్చేసారికి నేను ఏం మెరుగుపరుచుకోవాలి?" అని అడిగితే మాత్రం చాలా మంచిది. బిడియం వల్ల నోటితో అడగలేకపోతే చీటీ రాసి ఇవ్వమనండి.

పాత్రలు ఇచ్చేటప్పుడు ప్రతిభ ఒక్కటే చూడరని కూడా చెప్పండి. గొంతు శ్రుతి ఆ పాటకు సరిపోవాలి, ఎదురుగా నిలబడేవాళ్లతో ఎత్తు కుదరాలి, అన్ని రిహార్సల్స్‌కీ రాగలగాలి.

చిన్న చిన్న బాధ్యతలు, పెద్ద అలవాట్లు

తెర వెనక ఒక బల్ల ఉంటుంది. దాని మీద కాగితం పరిచి, ప్రతి వస్తువు చుట్టూ గీత గీసి, లోపల పేరు రాస్తారు: లాంతరు, ఉత్తరం, బుట్ట. నియమం ఏమిటంటే నీ వస్తువు నువ్వే తీయాలి, నువ్వే తెచ్చి అదే గీతలో పెట్టాలి, ఇంకొకరిది ముట్టుకోకూడదు. ప్రదర్శనకు ముందు ఎవరి వస్తువు ఉందో లేదో వాళ్లే చూసుకోవాలి. ఇంట్లో బడి సంచీ సర్దుకోని పిల్లలు ఇక్కడ లాంతరు సర్దుతారు. ఎందుకంటే లాంతరు లేకపోతే తిట్టేది అమ్మ కాదు, సీన్ ఆగిపోతుంది. ఫలితం కళ్లముందే కనిపిస్తుంది.

రెండోది కాల్స్. తెర వెనక పనులు నడిపించే స్టేజ్ మేనేజర్ వచ్చి "పది నిమిషాలు" అంటే విన్నవాళ్లందరూ "పది నిమిషాలు, థాంక్యూ" అని తిరిగి చెప్పాలి. మర్యాద కోసం పుట్టినట్టు కనిపించినా దీని అసలు ప్రయోజనం వేరు: విన్నానని అవతలివాళ్లకు రూఢి కావడం. ఇది ఇంటికి కూడా తెచ్చుకోవచ్చు. "ఐదు నిమిషాల్లో బయలుదేరాలి" అని మీరంటే "ఐదు నిమిషాలు, థాంక్యూ" అని పాప అనాలి. ఆటలా మొదలై నిలబడిపోతుంది.

దుస్తులు మార్చుకోవడం మూడోది. రెండు పాటల మధ్య 40 సెకన్లలో దుస్తులు మారాలంటే, వేసుకోవాల్సిన వరుసలో పైనుంచి కిందికి పేర్చి, చెప్పుల నోళ్లు తనవైపు తిప్పి పెట్టుకోవాలి. ముందు ఏమేం జరగాలో వెనకనుంచి ఆలోచించి ఏర్పాటు చేసుకోవడం, పెద్దయ్యాక మనం ప్లానింగ్ అని బరువైన పేరు పెట్టుకునేది ఇదే.

ఆత్మవిశ్వాసం, బిడియం

సంగీత నాటకం గురించి ఎక్కడ చూసినా మొదట కనిపించే మాట ఆత్మవిశ్వాసం. నా అభిప్రాయంలో దీన్ని అవసరానికి మించి అమ్ముతున్నారు. స్టేజ్ ఎక్కి దిగినంత మాత్రాన బిడియం పోదు. చాలామంది బిడియస్తులు పాత్రలో ఉన్నంతసేపు హాయిగా ఉండి, దిగాక మళ్లీ అమ్మ వెనక నక్కుతారు. అందులో తప్పేం లేదు. రాసిచ్చిన మాట చెప్పడం వేరు, సొంత మాట చెప్పడం వేరు. వచ్చేది ఏమిటంటే "నాకు భయం వేసింది, అయినా పని చేశాను, తర్వాత ఏమీ కాలేదు" అన్న లెక్క. అది నాలుగైదు సార్లు జమ అయితే విశ్వాసం అవుతుంది, ఒక్క ప్రదర్శనతో కాదు.

బిడియం ఉన్న పిల్లకు మెట్లు చిన్నవిగా ఉండాలి. మొదట రెండో వరుసలో పాట, తర్వాత చేతికి ఒక వస్తువు, తర్వాత గుంపుతో కలిసి ఒక అరుపు, తర్వాత ఒంటరిగా ఒక మాట. మీ పాపకు కోరస్ రావడం ఈ లెక్కన మెట్టు తప్పకపోవడమే. "ఏదీ, మామయ్యకు పాడి చూపించు" అని ఇంటికొచ్చినవాళ్ల ముందు నిలబెట్టకండి. స్టేజ్ మీద చుట్టూ ఇరవై మంది ఉంటారు, మధ్యగదిలో ఒక్కతే ఉంటుంది. ఇదే ఎక్కువ భయం.

ప్రదర్శన రోజు గుండె దడదడలాడటం, చేతులు చల్లబడటం, నోరు ఎండటం మామూలే. "భయపడకు" అన్న మాట పనిచేయదు. ఊపిరి నాలుగు కౌంట్లు పీల్చి, ఎనిమిది కౌంట్లు "స్‌స్‌స్" అంటూ వదలడం ఐదుసార్లు చేయించండి, వదిలే ఊపిరి పొడుగ్గా ఉంటే ఒళ్లు నెమ్మదిస్తుంది. ఇంకో కిటుకు: ఆ దడకు పేరు మార్చడం. హార్వర్డ్‌లో పనిచేసే ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, అపరిచితుల ముందు పాట పాడే ముందు "నాకు ఉత్సాహంగా ఉంది" అని పైకి అనుకున్నవాళ్లు "నాకు ఆందోళనగా ఉంది" అనుకున్నవాళ్లకన్నా మెరుగ్గా పాడారు. అవి పెద్దవాళ్ల మీద చేసినవి, కానీ పిల్లల దగ్గరా వాడి చూడదగ్గదే.

ఒక హెచ్చరిక. పాప బిడియం మామూలుది కాకుండా, ఇంట్లో బాగా మాట్లాడుతూ స్కూల్లో నెలల తరబడి అసలు నోరే విప్పకపోతే, లేదా రిహార్సల్ రోజున వాంతులు, నిద్రలేమి వారాలపాటు ఉంటే, నాటకం మందు కాదు. పిల్లల మనస్తత్వ నిపుణులను కలవండి. నాటకం ఆ తర్వాత.

ఇతరుల చోట నిలబడి చూడటం

మీవారికి పరిశోధన ఏదైనా చూపించాలంటే రెండు ఉన్నాయి. మనస్తత్వ శాస్త్రవేత్త గ్లెన్ షెలెన్‌బర్గ్ 2004లో ప్రచురించిన అధ్యయనంలో ఆరేళ్ల పిల్లలు 144 మందిని నాలుగు గుంపులు చేశారు: కీబోర్డ్, గాత్రం, నాటకం, ఏదీ లేనివాళ్లు. ఏడాది తర్వాత సంగీతం నేర్చినవాళ్ల ఐక్యూ మిగతావాళ్లకన్నా కొద్దిగా ఎక్కువ పెరిగింది. నాటకం నేర్చినవాళ్లలో పెరిగింది నలుగురితో మెలిగే తీరు. సంగీత నాటకంలో రెండూ ఉన్నాయి కదా అని రెండూ కూడేసి లెక్క వేయకండి. ఐక్యూ తేడా చాలా చిన్నది, దానికోసం చేర్పించడం దండగ. 2012లో మనస్తత్వ శాస్త్రవేత్తలు థాలియా గోల్డ్‌స్టైన్, ఎలెన్ విన్నర్ ప్రచురించినదాంట్లో, నటన నేర్చుకున్న పిల్లల్లో ఎదుటివాళ్ల బాధను పంచుకునే గుణం ఇతర కళలు నేర్చినవాళ్లకన్నా ఎక్కువగా పెరిగింది.

రిహార్సల్‌లో ఇది ఎక్కడినుంచి వస్తుందంటే రెండు ప్రశ్నల నుంచి. ఈ పాత్రకు ఏం కావాలి? దానికి అడ్డు ఏమిటి? దుష్ట పాత్ర వేసే పిల్లను కూడా ఇవే అడగాలి. "వాడు చెడ్డవాడు కాబట్టి" అన్న జవాబు చెల్లదు. తొమ్మిదేళ్ల పిల్ల "ఎవరూ ఆటకు పిలవకపోవడం వల్ల వాడికి కోపం" అనే దాకా వస్తే, రేపు తరగతిలో ఎవరినైనా చూసే చూపు కొంత మారుతుంది. ప్రశ్నలు అడగకుండా కదలికలు మాత్రమే నేర్పే చోట ఇది రాదు.

గొంతు విషయంలో జాగ్రత్త

ఇది జీవన నైపుణ్యం కాదు గానీ చెప్పకపోతే తప్పు. ఈ వయసు పిల్లలకు హాయిగా పలికేది సుమారు ఒక స్థాయి (స నుంచి పై స దాకా), కాస్త అటూ ఇటూ. పెద్దవాళ్లు పాడిన రికార్డుతో పోటీపడి అరిస్తే గొంతు బొంగురుపోతుంది. రిహార్సల్ మర్నాడు కూడా బొంగురుగా ఉంటే పాట ఆపి, నీళ్లు తాగించి, తక్కువగా మామూలు గొంతుతో మాట్లాడమనండి. గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి కాదు, అదీ గొంతుకు శ్రమే. రెండు మూడు వారాలైనా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టర్‌కి చూపించాలి. "నా గొంతు నొప్పిగా ఉంది, ఈ రోజు పాడను" అని డైరెక్టర్‌తో చెప్పడం పాపకు ముందే నేర్పండి. అది నిజంగానే జీవన నైపుణ్యం!

ఆ నాటకం మంచి చేతుల్లో ఉందా లేదా

ఒక్క రిహార్సల్‌లో వెనక కూర్చుని చూడనివ్వమని అడగండి. గంటన్నర రిహార్సల్ దాదాపు ఇలా ఉండాలి: 10 నిమిషాలు ఒళ్లు, గొంతు వేడెక్కించడం, 25 నిమిషాలు పాట, 5 నిమిషాలు విరామం, 25 నిమిషాలు డాన్స్, 20 నిమిషాలు సీన్, చివర 5 నిమిషాలు నోట్స్. ఎనిమిదేళ్ల లోపు పిల్లలైతే ఏ పనీ 15, 20 నిమిషాలు దాటకూడదు. గంటసేపు ఒక మూల ఖాళీగా కూర్చున్న పిల్లలు కనిపిస్తే ప్రణాళిక లేనట్టు.

అన్నిటికన్నా ముఖ్యంగా చూడాల్సింది: పిల్లలు నిజంగా పాడుతున్నారా, లేక రికార్డు పెట్టి పెదాలు కదిపిస్తున్నారా? వాద్యాల ట్రాక్ పెట్టుకోవడం సరే. గొంతులు కూడా ట్రాక్‌లోనే ఉంటే పైన నేను రాసినదాంట్లో సగం గాలికి పోయినట్టే. వినాల్సిన పని లేదు, తప్పు సర్దుకోవాల్సిన పని లేదు, ఊపిరి చూసుకోవాల్సిన పని లేదు. చూడటానికి నున్నగా ఉంటుంది, పిల్లలకు మిగిలేది తక్కువ. అలాంటి చోటైతే మీవారి మాటే సరైనది, వేరేది వెతకండి.

తప్పు చేసిన పిల్లను అందరిముందు వెక్కిరించడం, ప్రతిసారీ అదే ఇద్దరికి ముఖ్య పాత్రలు, ప్రదర్శన వారం ముందు పాటలు మార్చడం కూడా మంచి సూచనలు కావు.

చదువు దెబ్బతింటుందా

పది వారాలు దెబ్బతినదు, చివరి రెండు వారాలు తింటుంది. అప్పుడు రిహార్సల్స్ పెరుగుతాయి, లైట్లు, మైకులు, దుస్తులతో చేసే రిహార్సల్ ఒక్కోటి మూడు నాలుగు గంటలు సాగుతుంది. తేదీలు ఇప్పుడే తీసుకుని గోడ మీద కాగితంలో పాపచేతే రాయించండి. ఆ రెండు వారాల్లో ఉన్న పరీక్షలు, ఇవ్వాల్సిన హోంవర్క్ పక్కన వేరే రంగులో రాయాలి. రెండూ ఒకే రోజు పడినచోట ఏది ముందుకు జరపాలో తనే చెప్పాలి, మీరు సలహా మాత్రమే ఇవ్వాలి. డైలాగుల సాధన రోజుకు పది నిమిషాలు రెండుసార్లు చాలు. ఆదివారం గంటన్నర కూర్చోబెడితే మంగళవారానికి సగం ఎగిరిపోతుంది.

చివరి ప్రదర్శన అయ్యాక సెట్టు విప్పడానికి, దుస్తులు మడతపెట్టడానికి పిల్లలను ఉండమంటారు. అలసిపోయిందని ఇంటికి తీసుకుపోకండి, ఉండనివ్వండి. ఆ తర్వాత మూడు నాలుగు రోజులు పాప దిగులుగా, చిరాకుగా ఉండొచ్చు, మూడు నెలలు వారం వారం కలిసిన గుంపు ఒక్కసారిగా విడిపోయింది మరి. ఆ వారంలో కొత్త క్లాసులేవీ మొదలుపెట్టకండి. గుంపులోంచి ఇద్దరు ముగ్గురిని ఇంటికి పిలవండి, పాటలన్నీ ఇంకోసారి పాడుకుంటారు.